గట్టు మీద కుర్చీలు

సోమవారం పొద్దున్న పావని బడికి వచ్చేసరికి మడి గట్టు మీద కుర్చీలు వేసి ఉన్నాయి. క్లాసులో పిల్లలు కూర్చునే చిన్న ప్లాస్టిక్ కుర్చీలే, రెండు వరసల్లో. ఎండ తగలకుండా పైన ఆకుపచ్చ వల పందిరి. ఒక్కో కుర్చీలో ఒక్కో భూతద్దం. పెళ్ళిపందిట్లో విస్తళ్ళు వేసినంత ఒద్దికగా ఉంది ఏర్పాటు.

"ఇవెవరు వేయించారు?" అని ఆయా మహాలక్ష్మమ్మని అడిగింది.

"కరస్పాండెంట్ గారండి. పిల్లలు ఇంక మళ్ళోకి దిగరంటండి. కుర్చీల్లో కూచుని చూత్తారంటండి."

"ఎవరూ దిగకపోతే ఏం చూస్తారు?"

మహాలక్ష్మమ్మ చీపురు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "సాయిదుర్గ దిగుద్దంటండి," అంది, ఆ మాటతో తనకేం సంబంధం లేనట్టు.

పావనికి పొద్దున్నే ఒళ్ళు మండింది.

పాలకొల్లు ఊరి చివర, పంటకాలవ పక్కన ఉంది ఆ మాంటిస్సోరి బడి. పిల్లలు నాలుగు గోడల మధ్యే కాకుండా చెట్టూ పుట్టా మధ్య కూడా నేర్చుకోవాలని పావని ఏడాదిపాటు చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే, కరస్పాండెంట్ శివరామకృష్ణ గారు చివరికి ఒప్పుకుని, బడి వెనక ఖాళీ స్థలంలో చిన్న మడి కట్టించారు. నీళ్ళు పెట్టించి, మట్టి బురదయ్యేలా దమ్ము చేయించారు. పోయిన గురువారం క్లాసు పిల్లలందరూ అందులోకి దిగారు. నారు కట్టలు విప్పి, నాటుతున్నామనుకుంటూ తొక్కేశారు. వాళ్ళ కేరింతలకి కాలవ అవతల మేస్తున్న గేదెలు కూడా తలెత్తి చూశాయి. అంతా బాగానే ఉండేది, అశోక్ పిక్కకి జలగ పట్టకపోతే. ఉప్పు వేయగానే ఊడిపోయింది. అశోక్ ఏడవలేదు సరికదా, దాన్ని సీసాలో పెట్టివ్వమని పేచీ పెట్టాడు. కానీ వాళ్ళ నాన్న యుగంధర్ ఆ పిక్కని ఫోటో తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "మేం బురదలోంచి బయటపడింది మా పిల్లల్ని మళ్ళీ అందులో దించడానికి కాదు" అని కింద రాశాడు. వరిచేలూ రొయ్యల చెరువులూ ఉన్న మనిషి. బురద లేకపోతే ఆయన ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా గ్రూపు గ్రూపంతా ఆయనకి చప్పట్లు కొట్టింది. కుర్చీలు ఆ చప్పట్లకి పుట్టినవే.

బడిగంట కొట్టాక క్లాసు ఎప్పటిలాగే సాగింది. ఆ క్లాసులో ఒక పద్ధతి ఉంది. ఏ పిల్లయినా పని మొదలుపెట్టాలంటే ముందు తన చాప తను పరుచుకోవాలి. చాప మీద ఉన్నంతసేపూ ఆ పని ఆ పిల్లదే. ఇంకొకరికి చూడాలని ఉంటే, చేతులు వెనక్కి కట్టుకుని చాప పక్కన నిలబడి "చూడొచ్చా?" అని అడగాలి. సరే అంటే చూడాలి, వద్దంటే మారు మాట్లాడకుండా వెళ్ళిపోవాలి. బతిమాలడాలు, అలకలు లేవు. ట్రైనింగులో ఈ సంగతి విన్న రోజున పావని, ఇదేదో పెద్దవాళ్ళకి కూడా పెడితే బాగుండునని నవ్వుకుంది. రెండేళ్ళుగా ఆ పిల్లలకి అదే నేర్పింది. ఇప్పుడు వాళ్ళకది ఊపిరి పీల్చుకున్నంత మామూలు.

అందరికన్నా ఎక్కువగా వద్దనేది సాయిదుర్గ. సర్కారువారి లాటరీలో ఉచిత సీటు వచ్చిన పిల్ల. ఆ క్లాసులో అలా వచ్చింది తనొక్కతే. చెక్క అక్షరాలు చాప మీద పేర్చి మాటలు కడుతుంది. కట్టేటప్పుడు ఎవరి నీడ పడినా చెయ్యి ఆగిపోతుంది. "ఇప్పుడు కాదు, అయ్యాక" అంటుంది నెమ్మదిగా. అయ్యాక తనే వెళ్ళి పిలుచుకొస్తుంది. ఈమధ్యే అక్షరాలు కలిపి చదవడం పట్టుబడింది. చదవడం వచ్చిన కొత్తలో పిల్లల మొహాల్లో ఒక దొంగ సంతోషం ఉంటుంది. అది చూడటానికే పావని ఇన్నేళ్ళుగా ఈ ఉద్యోగం చేస్తోంది.

పదకొండు కాకముందే శివరామకృష్ణ గారు స్వయంగా వచ్చారు. తెల్లచొక్కా, జేబులో రెండు ఫోన్లు. "అవుట్‌డోర్ టైమమ్మా, రండి రండి" అంటూ పిల్లల్ని వరసగా తీసుకెళ్ళి కుర్చీల్లో కూర్చోబెట్టారు. సాయిదుర్గని మాత్రం భుజం మీద చెయ్యి వేసి మడి దగ్గరికి నడిపించారు.

"దిగు తల్లీ. నీకు అలవాటేగా."

సాయిదుర్గ పావని వైపు చూసింది. చెప్పులు విప్పి పక్కపక్కనే పెట్టి, గౌను కుచ్చెళ్ళు దోపుకుని దిగింది. నారు మొక్క ఒకటి తీసి గుచ్చింది. అది నీళ్ళలో తేలిపోయింది. మళ్ళీ గుచ్చింది, మళ్ళీ తేలింది. పట్టువదలకుండా మోచేతిదాకా చెయ్యి పెట్టి మట్టి నొక్కింది. గట్టు మీద పిల్లలకి ఏం చూడాలో తెలియలేదు. భూతద్దాలు ఇచ్చారు కాబట్టి ఎత్తి పట్టుకున్నారు. ఎదురుగా కదిలేది సాయిదుర్గ ఒక్కతే. ఇరవై భూతద్దాలూ ఆ పిల్ల మీదికి తిరిగాయి. ఆఫీసు కుర్రాడు ఫోనుతో ఫోటోలు తీసి గ్రూపులో పెట్టాడు.

అశోక్ భూతద్దం దించి, "సాయిదుర్గ కూడా నేచరేనా టీచర్?" అని అడిగాడు.

వెక్కిరింత కాదు. వాడికి నిజంగానే అనుమానం వచ్చింది. పావనికి అరికాలి మంట నెత్తికెక్కింది.

పిల్లల్ని లోపలికి పంపి నేరుగా ఆఫీసుగదిలోకి వెళ్ళింది.

"ఏంటండీ ఇది? ఒక్క పిల్లని మడిలో దింపి మిగతావాళ్ళని చుట్టూ కూర్చోబెట్టి చూపిస్తారా?"

"కూర్చోండి పావనిగారూ. మంచినీళ్ళు తాగుతారా?" అన్నారు ఆయన. ఎంత కోపంగా వచ్చినవాళ్ళనైనా ముందు మంచినీళ్ళు అడగడం ఆయన అలవాటు. "పేరెంట్స్ వద్దంటున్నారు. మీ ప్రోగ్రాం ఆగకూడదు. మధ్యేమార్గం చూశాను. ఆ పిల్లకి మట్టీ నీళ్ళూ కొత్తేం కాదుగా."

"వాళ్ళది వేటకెళ్ళే కుటుంబమండి. నాన్న పడవ మీద వెళ్తాడు, అమ్మ చేపలమ్ముతుంది. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగి వరిమడిలో కాలు పెట్టింది గురువారంనాడే. వరి పండించేది మీరు, యుగంధర్ గారు. అలవాటు ఉండాల్సింది మీ పిల్లలకండి."

చేపలు పట్టేవాళ్ళకి నాట్లు వేయడం రాదన్న సంగతి ఆయనకి అప్పుడే తట్టినట్టుంది. ఆయన లెక్కలో నీళ్ళు నీళ్ళే, బురద బురదే, అందులో దిగేవాళ్ళంతా ఒకటే.

"ఏదైతేనేం, వాళ్ళకి అభ్యంతరం లేదు కదా."

"అడిగారా?"

"ఉచితంగా చదువు చెప్తున్నాం. అడగడానికేముందమ్మా?"

పావని మంచినీళ్ళు తాగకుండానే లేచి వచ్చేసింది.

బుధవారం మధ్యాహ్నం పిల్లలు ఇళ్ళకి వెళ్ళే వేళకి సాయిదుర్గ తల్లి వీరవేణి వచ్చింది. పాలకొల్లు చేపల మార్కెట్టు నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చంకన ఖాళీ అల్యూమినియం బేసిను. రోజూ గేటు దగ్గరే ఆగిపోయే మనిషి, ఆవేళ వరండా దాకా వచ్చింది. చేతులు కడుక్కున్న తడి ఇంకా ఆరలేదు.

"మేడమ్‌గారూ, మా పిల్ల ఫోటో మీ ఫోన్లో ఉందాండీ?"

"ఏ ఫోటో?"

"మళ్ళో దిగిందండి. బళ్ళో పిల్లలందరూ కుర్చీల్లో కూచుని చూత్తన్నదండి. మార్కెట్టులో సందువా చేపలు కొనడానికొచ్చిన ఒకాయన చూపించాడండి. మీ పిల్లేనా అనడిగాడు. ఔనన్నాను. బాగా చదివిత్తన్నావే అని నవ్వాడండి. పక్క బల్లోళ్ళు కూడా నవ్వారు." గొంతు లేవడం లేదు. లేస్తే బాగుండునని పావనికి అనిపించింది. "నేను సీకటితో లేచి ఆ పిల్లకి ఒకటికి రెండుసార్లు సబ్బెట్టి తోముతానండి. నా చేతులతో జడెయ్యను, వాసనొత్తాదని. మా అత్తగారు ఏత్తాది. ఎందుకండీ మరి? మా ఇంటి ముందు లేదాండీ బురద? బురదలో దిగడానికైతే ఇంత దూరం తీసుకురావాలా?"

పావని ఆమెకి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. మట్టిలో నేర్చుకునేది తక్కువది కాదని, అసలు ఈ మడి పెట్టించమని అడిగింది తనేనని. కానీ ఇరవై మంది దిగిన మడి వేరు, ఒక్కతే దిగిన మడి వేరు. ఆ ముక్క చేపల బేసిను పట్టుకున్న మనిషికి తెలిసింది, రెండు ఫోన్లున్న మనిషికి తెలియలేదు.

"మొన్న బస్సు మీద రాసింది చదివిందండి," అంది వీరవేణి, ఉన్నట్టుండి. "కూడబలుక్కుని. నర్సాపురం అని. బస్సులో అందరికీ వినపడేలా చదివింది. నాకు మా చెడ్డ సిగ్గేసిందండి." సిగ్గు అంటూనే ఆమె మొహం వెలిగి ఆరిపోయింది. "ఇంకొక్క ఫోటో వత్తే మాత్రం పేరు కొట్టించేసి బియ్యపుతిప్పలో మా అమ్మ దగ్గర వదిలేత్తాను. అక్కడ చదువుద్దో, ఎండుచేపలే ఏరుద్దో, దాని రాత. నలుగుర్లో నవ్వులపాలైతే కాదు కదండీ."

ఉట్టి బెదిరింపు కాదు. ఆమె పావని మొహంలోకి సూటిగా చూసి చెప్పింది. బియ్యపుతిప్పకి వెళ్తే ఆ పిల్ల చదువు ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

"ఇంకో ఫోటో రాదమ్మా. నాది పూచీ," అంది పావని.

పూచీ పడ్డాక గాని శనివారం సంగతి తెలియలేదు. ఆ రోజు తల్లిదండ్రులు బడి చూడటానికి వస్తున్నారట. మడి కార్యక్రమం మొదటి అంశమట.

"సాయిదుర్గ దిగదండి," అని చెప్పేసింది శివరామకృష్ణ గారికి.

"అలా అంటే ఎలా? ఇంకెవరు దిగుతారు? మీరు దిగుతారా?"

"దిగుతాను."

"టీచరు దిగితే చూడటానికి వాళ్ళెందుకు రావడం?" ఆయన విసుక్కున్నారు. "మీకేం కావాలో చెప్పండి పావనిగారూ."

పావని పళ్ళు బిగపట్టి చెప్పింది. "లోపల ఉన్న పద్ధతి బయట కూడా ఉండాలి. చాప మీద పిల్లని అడక్కుండా చూడరు. మడిలో పిల్లని మాత్రం ఎవరు పడితే వాళ్ళు చూడొచ్చా? అడగండి. ఫోటోలు తీయడానికి వీల్లేదు."

ఆయన మొహం విప్పారింది. బల్ల మీద చరిచారు. "బ్రహ్మాండం! అశోక్ చేతులు కట్టుకుని, చూడొచ్చా అని అడుగుతాడు. ఆ పిల్ల, చూడండి అంటుంది. పేరెంట్స్ ముచ్చటపడి చస్తారు. ఇది ముందే చెప్పొచ్చు కదమ్మా!"

పావని కత్తి అనుకుని విసిరిన మాటని ఆయన పట్టుకుని తోరణం కట్టేశారు. ఫోటోలు తీయనివ్వనని ఒప్పుకున్నారు, అంతవరకే దక్కింది.

శుక్రవారం ఆయనే దగ్గరుండి రిహార్సల్ చేయించారు. అశోక్ అడిగాడు. "చూడండి" అంది సాయిదుర్గ, చెప్పమన్నట్టే. "చిరునవ్వుతో, తల్లీ" అన్నారు. మళ్ళీ అంది, చిరునవ్వుతో.

ఆయన వెళ్ళాక కుళాయి దగ్గర ఆ పిల్ల వేళ్ళ సందుల్లో మట్టి కడుక్కుంటూ ఉంటే పావని పక్కన కూర్చుంది.

"రేపు నీకు ఇష్టం లేకపోతే లోపలే ఉండొచ్చమ్మా. మడిలోకి దిగక్కర్లేదు."

సాయిదుర్గ కంగారుపడింది. "నేను దిగుతానండి. మూల ఉన్నవి ఒరిగిపోయాయండి. నిలబెట్టాలి."

"అందరూ చూస్తారు మరి."

ఆ పిల్ల ఇంకో కాలు నీళ్ళ కింద పెట్టింది. ఇష్టం లేకపోతే వద్దని చెప్పు, అన్న మాట పావని నాలిక చివరిదాకా వచ్చింది. ఆపుకుంది. వాళ్ళు ఒక మాట నేర్పారు, తను ఇంకో మాట నేర్పుతుంది, అంతేగా తేడా. తన కోపం మొయ్యడానికి ఆరేళ్ళ పిల్ల నోరు కావాలా అని తనని తనే తిట్టుకుంది. ఆ కోపం ఎటూ పోక రాత్రి ఇంట్లో గిన్నెల మీద పడింది.

శనివారం ఎండ చురుక్కుమంటోంది. తల్లిదండ్రులు కార్లు కాలవగట్టు పొడుగునా నిలిపి, పట్టుచీరల్లో, ఇస్త్రీ చొక్కాల్లో వచ్చారు. పిల్లలు కుర్చీల్లో, వాళ్ళ వెనక పెద్దలు నిలబడి. యుగంధర్ ముందే వచ్చి కొడుకు వెనక చోటు చేసుకున్నాడు. గేటు బయట పిట్టగోడ పక్కన వీరవేణి నిలబడి ఉంది, బేసిను కింద పెట్టి. సంగతి పావనే చెప్పింది. రమ్మనలేదు, వద్దనలేదు. ఎవరి ఫోనైనా లేస్తే లోపలికొచ్చి పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకుపోవడానికి వచ్చిందని నిలబడిన తీరులోనే తెలుస్తోంది.

సాయిదుర్గ చెప్పులు విప్పి దిగింది. గట్టు వైపు చూడకుండా తిన్నగా మూలకి వెళ్ళి, వంగి, ఒరిగిన మొక్క మొదట్లో మట్టి ఎగదోయడం మొదలుపెట్టింది.

శివరామకృష్ణ గారు గొంతు సవరించుకున్నారు. "మా బడిలో పిల్లలు ఒకరినొకరు ఎంత గౌరవించుకుంటారో మీరే చూడండి. అశోక్, రా నాన్నా."

అశోక్ లేచి, చేతులు వెనక్కి కట్టుకుని మడి అంచుకి వెళ్ళాడు.

"సాయిదుర్గా, చూడొచ్చా?"

ఆ పిల్ల తలెత్తింది. వాడిని చూసింది. వాడి వెనక ఉన్న అంతమందినీ చూసింది. చేతిలో మొక్క ఇంకా నిలబడలేదు.

"వద్దు," అంది.

పెద్దవాళ్ళు గొల్లున నవ్వారు. "సిగ్గండి పాపం," అని ఎవరో అన్నారు. శివరామకృష్ణ గారు కూడా నవ్వు పులుముకున్నారు.

"నిన్న ఏమన్నావు తల్లీ? చూడండి అన్నావు కదా. అను."

"అది మీరు అనమన్నారండి," అంది సాయిదుర్గ, ఎంతో మర్యాదగా. "ఇప్పుడు అశోక్ అడిగాడు కదండి. వద్దండి."

చెప్పి మళ్ళీ వంగింది.

అశోక్‌కి ఇందులో వింత ఏమీ కనపడలేదు. అడిగాడు, వద్దంది. వెనక్కి తిరిగాడు. తన కుర్చీ రెండు చేతులా ఎత్తుకుని, దాని కాళ్ళు నేలకి రాయకుండా, క్లాసులో నేర్పినట్టే క్లాసుగది వైపు నడిచాడు. యుగంధర్ "ఒరేయ్, ఎక్కడికిరా?" అన్నాడు. "వద్దంది నాన్నా," అన్నాడు వాడు, ఆగకుండా. వాడి వెనకే ఇంకో పిల్ల లేచింది. ఆ వెనక ఇంకొకరు. చూస్తూ ఉండగానే ఇరవై మందీ లేచి, ఎవరి కుర్చీ వాళ్ళు ఎత్తుకుని, వరసగా, చప్పుడు లేకుండా వెళ్ళిపోయారు. గట్టు మీద వల పందిరి కింద పెద్దవాళ్ళు మిగిలారు. ముందు కుర్చీలు లేకపోయేసరికి, దేని వెనక నిలబడ్డారో వాళ్ళకే తెలియలేదు.

యుగంధర్ మొహం జేవురించింది. "ఏంటండీ ఇది? మమ్మల్ని పిలిచి అవమానిస్తారా? ఆ పిల్ల వద్దంటే మేం వెళ్ళిపోవాలా?"

జేబులోంచి ఫోను తీశాడు. గేటు దగ్గర వీరవేణి ఒక అడుగు ముందుకి వేసింది.

పావని వెళ్ళి యుగంధర్‌కీ మడికీ మధ్య నిలబడింది. వారం రోజులుగా గొంతులో కుతకుతలాడుతున్నదంతా పైకి వస్తుందనుకుంది. రాలేదు. మామూలుగా, క్లాసులో చెప్పినట్టే చెప్పింది.

"వద్దంది కదండీ. మీ అబ్బాయి వెళ్ళిపోయాడు. మీరూ లోపలికి రండి."

"నేను ఫోటో తీసుకుంటాను. ఏం చేస్తారు?"

"మీ అబ్బాయి పిక్క ఫోటో మీ ఇష్టం. ఈ పిల్లది కాదు. ఫోను లోపల పెట్టండి."

యుగంధర్ శివరామకృష్ణ గారి వైపు చూశాడు. ఆయన మిగతా తల్లిదండ్రుల వైపు చూశారు. వాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు అప్పటికే చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని పిల్లల వెనక నడుస్తున్నారు. ఒక్కొక్కరే కదిలారు. యుగంధర్ ఫోను జేబులో కుక్కుకుని, గొణుక్కుంటూ కారు వైపు వెళ్ళాడు.

శివరామకృష్ణ గారు ఆఖరుని వెళ్తూ ఆగారు. ఈసారి మంచినీళ్ళు అడగలేదు. "సోమవారం పొద్దున్న ఆఫీసులో కలవండి పావనిగారూ. పిల్లలకి వేరే టీచర్ని చూస్తున్నాను," అన్నారు మెల్లగా.

"అలాగేనండి."

గట్టు ఖాళీ అయింది. పావని ఒక్కతే మిగిలింది. చేతులు కట్టుకుని, మడి మధ్య వంగి ఉన్న ఆ చిన్న వీపుని చూస్తూ నిలబడిపోయింది. ఉద్యోగం పోయిందన్న సంగతి ఇంకా ఒంటికి తగల్లేదు. కడుపు నిండిపోయినట్టుంది. ఈ పిల్ల కోసమే కదా, అనుకుంది. ఎంత సేపైనా చూస్తూ ఉండొచ్చు అనిపించింది. సాయిదుర్గ చెయ్యి మొక్క మొదట్లోకి వెళ్ళి, ఆగిపోయింది. ఆ పిల్ల తలెత్తింది.

"మీరు కూడానండి," అంది.

పావనికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవుల దాకా వేడెక్కింది. చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. ఇంతసేపూ ఆ పిల్లని అడగాలని తనకే తోచలేదు. కోపం వస్తుందేమోనని చూసింది, రాలేదు. వెనక్కి తిరిగి గేటు దాకా నడిచింది.

వీరవేణి ఎదురొచ్చింది. "ఏంటండీ, అందరూ అలా వచ్చేత్తన్నారు? ఫోటో తీశారా?"

"లేదమ్మా. చూడొద్దంది మీ అమ్మాయి."

"ఎవర్నండీ?"

"అందర్నీ. నన్ను కూడా."

వీరవేణి నోరు కొంచెం తెరుచుకుంది. పావని భుజం మీంచి మడి వైపు చూడబోయి, సగంలో తల తిప్పేసుకుంది. కొంగు లాగి నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో పావనికి తెలియలేదు.

"అయితే నేను కూడా చూడకూడదాండీ?"

"అడగాలి."

"వద్దులెండి. పని చేసుకోనివ్వండి." బేసిను తీసి చంకన పెట్టుకుంది. పిట్టగోడకి ఆనుకుని రోడ్డు వైపు తిరిగి నిలబడింది. కాసేపటికి అడిగింది. "సోమారం పంపుతానండి. మీరుంటారు కదా?"

పావని కూడా గోడకి ఆనుకుంది. వెనక మడిలో నీళ్ళు కదిలిన చప్పుడైంది. ఇద్దరూ తిరిగి చూడలేదు.